గిన్నెకి మూడు నిజాలు

పొద్దున ఆరున్నరకి ఆర్డిస్ కాఫీ పెడుతుంది. ఏడింటికి ఆవిడ మొగుడు వెర్లిన్ కిటికీలోంచి సరస్సు మీది మంచు చూసి "ఇవాళ చలి మరీ అంత లేదు" అంటాడు. "ఆ, నయమే" అంటుంది ఆర్డిస్. ముప్ఫై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో మాటలంటే ఇవే. అమెరికాలో మినసోటా ఉత్తరాన ఆ చిన్న ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇంతే. ఎవరైనా వండినది నోట పెట్టలేకపోతే "ఇదేదో కొత్తగా ఉందే" అంటారు. ఆకలేస్తున్నా మూడుసార్లు వద్దన్నాకే కంచం చాపుతారు. మనసులో మాట పైకి అనడం వాళ్ళ లెక్కలో బురద బూట్లతో ఇంట్లోకి రావడం లాంటిది.

కాగితం మిల్లులో పని మానేశాక వెర్లిన్ రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ మనిషికి తనంటే ఇష్టం ఏమైనా మిగిలుందా, లేక అలవాటు కొద్దీ పడి ఉంటున్నాడా అన్నది ఆర్డిస్‌కి తేల్చుకోవాలని ఉంది. అడగడం ఆవిడకి చేతకాదు. అందుకని ఒక పొమెరేనియన్ కుక్కపిల్లని తెచ్చింది. ఎనిమిది వారాల పిల్ల, ముప్పావు కిలో కూడా తూగదు. క్రిస్మస్‌కి చేసుకునే పల్చటి ఆలుగడ్డ రొట్టె పేరే దానికి పెట్టుకుంది, లెఫ్సె అని.

కుక్కల ఆస్పత్రిలో పనిచేసే కార్లా పిల్లని తూచి, పద్ధతంతా చెప్పింది.

"ఇంత చిన్న పళ్ళతో ఎండు కిబుల్ గింజలు కొరకలేదు ఆర్డిస్ గారూ. మన ఊరి బోరు నీళ్ళలో తుప్పు వాసన, వాటిలో నానబెడితే మూతి కూడా పెట్టదు. అందరిలాగే మీరూ నిజాలతో నానబెట్టండి. రోజుకి నాలుగు గిన్నెలు. మొదటి వారం గిన్నెకి మూడు నిజాలు, రెండో వారం రెండు, మూడో వారం ఒకటి. ఆ తర్వాత అదే ఎండువి నమిలేస్తుంది."

"చెప్పిందే మళ్ళీ చెప్పొచ్చా?"

"పనిచెయ్యదండీ. ఒకసారి చెప్పేశాక దాంట్లో తడి ఉండదు. ఇంకో మాట. ఈ చిన్నజాతి పిల్లలకి రెండు పూటలు తప్పితే షుగర్ పడిపోతుంది. ప్రాణం మీదికొస్తుంది."

నాలుగో రోజు నుంచి పగటి గిన్నెలు రెండూ వెర్లిన్‌వి, సాయంత్రంవి ఆర్డిస్‌వి అనుకున్నారు; అందాకా అన్నీ ఆవిడవే. ఆర్డిస్ తేలికవాటితో మొదలుపెట్టింది. "మీ అక్క పంపే స్వెట్టర్లు నాకు నచ్చవు." గింజలు కొంచెం ఉబ్బాయి. "చర్చిలో పాడకుండా ఊరికే పెదాలు ఆడిస్తాను." ఇంకొంచెం ఉబ్బాయి. మూడోది చెప్పేసరికి మెత్తగా అయ్యాయి. లెఫ్సె గిన్నె నాకేసింది. పేపరు వెనకాల వెర్లిన్ అన్నీ విని పేజీ తిప్పాడు.

నాలుగో రోజు ఆర్డిస్ చర్చి వంటింట్లో పని చూసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పిల్ల పాతగుడ్డలా పడి ఉంది. తల నిలపలేకపోతోంది. చిగుళ్ళు పాలిపోయాయి. గిన్నెలో గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆవిడ మేపుల్ పాకంలో వేలు ముంచి దాని చిగుళ్ళకి రుద్దింది. పది నిమిషాలకి గానీ పిల్ల కళ్ళు తెరవలేదు.

"ఏం చెప్పావు దీనికి?"

"మంచిమాటలే చెప్పాను" అన్నాడు వెర్లిన్. "నీ వంట బాగుంటుందని. నీ జుట్టు కత్తిరింపు బాగుందని. మీ అమ్మ మంచి మనిషని."

"ఒక్కటీ నానలేదా?"

"నానలేదు."

"ఇంట్లో ఎవరూ లేరు కదా. ఉన్నమాట చెప్పడానికేం?"

"ఎవరూ లేకపోయినా నోరు రాలేదు."

ఫోన్లో విని కార్లా ఆశ్చర్యపోలేదు. "మర్యాద మాటలు చెప్పుంటారు. మనవాళ్ళందరూ చేసేదే. ఈ నెలలో ఇది మూడో పిల్లండీ."

ఆ భయంతో వెర్లిన్ దారికొచ్చాడు. నీ కూరల్లో ఉప్పు ఎక్కువన్నాడు. మీ అమ్మ పోయినప్పుడు ఏడుపు రాక ఉల్లిపాయ వాసన చూసి ఏడ్చానన్నాడు. పిల్ల ఒళ్ళు చేసింది. తేలికవి అయిపోయాక బరువైనవి మొదలయ్యాయి. ఒకరోజు గిన్నె మీద వంగి మెల్లగా అన్నాడు, "మిల్లులో ఆదివారాలు ఎవరూ పని చెయ్యమనలేదు. నేనే అడిగి చేశాను. ఇంటికి రావాలనిపించేది కాదు." గింజలు ఒక్కసారిగా ఉబ్బి జావలా అయ్యాయి. ఆర్డిస్ గిన్నెలు తోముతూనే ఉంది. ముప్ఫై ఆరేళ్ళ ఆదివారాలు ఆవిడ ఒక్కతే కూర్చుని కాఫీ తాగింది మరి.

మూడో వారం చివరిరోజు పొద్దున, వెర్లిన్ గిన్నెకి టైమయింది.

"ఇవాళ నేను చెప్పమన్నది చెప్పు" అంది ఆర్డిస్. "మళ్ళీ పెళ్ళి చేసుకోవాల్సొస్తే నన్నే చేసుకుంటానని."

వెర్లిన్ కిటికీ వైపు చూశాడు. తర్వాత గిన్నె మీద వంగి, మాట పొల్లుపోకుండా అన్నాడు. ఇద్దరూ చూశారు. గింజలు రాళ్ళలా అలాగే ఉన్నాయి. లెఫ్సె వచ్చి ఒకటి కరకరా కొరికింది. ఇంకోటి కొరికింది.

"చూశావా, ఎండువే తింటోంది" అన్నాడు వెర్లిన్, గండం గడిచినట్టు.

"పోన్లే" అంది ఆర్డిస్, అలవాటు కొద్దీ. "ఈ వయసులో ఎక్కడికి పోతాం. సర్దుకుపోతాను."

గింజలు కదల్లేదు. ఆవిడ వాటి వంక చాలాసేపు చూసింది. ఎదుటివాడి అబద్ధం అంత బాధపెట్టలేదు గానీ, తన నోట్లోంచి వచ్చిన ఈ అబద్ధాన్ని ఆవిడ ఓర్చుకోలేకపోయింది.

"డులూత్‌లో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను."

గిన్నెలో మిగిలినవన్నీ అంచుదాకా పొంగాయి.

చెల్లెలికి కుక్కలు పడవు. అందుకని పదిన్నరకి ఒక పెట్టెతో ఆర్డిస్ ఒక్కతే గడప దిగింది. వెర్లిన్ తలుపు దగ్గర నిలబడి, ఆ ఊళ్ళో ఎవరు కారెక్కినా అనేదే అన్నాడు. "జింకలు అడ్డమొస్తాయి, చూసుకుని నడుపు."

"అలాగే" అంది ఆవిడ.

కారు మలుపు తిరిగాక అతను లోపలికొచ్చి, జావ పారబోసి, గిన్నె కడిగి, కొత్త గింజలు పోశాడు. లెఫ్సె కాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఆర్డిస్ క్షేమంగా చేరిందని తెలిసేదాకా నాకు ముద్ద దిగదు" అన్నాడు దాంతో.

గింజలు ఉబ్బి, మెత్తబడి, గిన్నెలోంచి నేలమీదికి పొర్లాయి. వెర్లిన్ తలుపు వైపు చూశాడు. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు. లెఫ్సె ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. దానికి ఎండువి అలవాటయ్యాయి.