ఒక కుటుంబం, రెండు డాలర్లు

జింబాబ్వేలోని బులవాయోలో ఒక పేట ఈతకొలనుకు కొత్త టికెట్ ధరలు రాసింది, అక్కడ టికెట్లు అమ్మే నొమలాంగా. ఈ వేసవిలో టికెట్ల మీద క్లోరిన్ ఖర్చయినా రాకపోతే కొలను మూసేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఆమె ఈత నేర్చుకున్నది ఆ నీళ్లలోనే. అందుకని వారం రోజులు కూర్చుని, ఎవరికీ బరువు కాకుండా చూసి, "ఒక కుటుంబం: రెండు డాలర్లు" అని రాసి మురిసిపోయింది.

మొదటి శనివారమే ఆ పేటలోని మాన్యోని వచ్చింది. వెనకాల పంతొమ్మిది మంది పిల్లలు. టికెట్ల కిటికీలో రెండు డాలర్లు పెట్టి, అందరూ నా పిల్లలే అంది. అబద్ధం కాదు. అక్కడ తల్లి చెల్లెలు చిన్న తల్లి, తల్లి అక్క పెద్ద తల్లి, వాళ్ల పిల్లలంతా తోబుట్టువులు. నొమలాంగా ఒక్క టికెట్టు చింపి ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా పేటలో ప్రతి ఆడమనిషీ డజను మందికి తల్లయి కూర్చుంది. కొలను కిటకిటలాడింది గానీ డబ్బుల పెట్టె అడుగు కూడా నిండలేదు.

సోమవారం పై అధికారి మభేనా పిలిచి గడ్డి పెట్టాడు. కుటుంబం అంటే ఎవరో రాయకుండా కుటుంబం అని రాసే తెలివి ఎక్కడ నేర్చుకున్నావని అడిగి, "కడుపున పుట్టిన పిల్లలు మాత్రమే" అని తన చేత్తోనే చేర్చాడు. కాగితం మీద చూస్తే తప్పేమీ కనిపించలేదు.

రెండో శనివారం మాన్యోని ఆ బోర్డు రెండుసార్లు చదివింది.

"ఎవరే ఇది రాసింది?"

"ఆఫీసు వాళ్లమ్మా."

"అలాగా. ఆఫీసు మాట మనమెందుకు కాదనాలి?" పిల్లల వైపు తిరిగింది. "నా కడుపున పుట్టినవాళ్లు ఇటు రండి. మిగతావాళ్లు అటు."

పెద్ద పిల్లలు తలలు వంచుకుని కదిలారు. అయిదేళ్ల సినికివే మాత్రం తువ్వాలు పట్టుకుని మధ్యలోనే నిలబడింది. ఇటు చూసింది, అటు చూసింది.

"అమ్మా, నేనెటు?"

మాన్యోని నాలుక కరుచుకుంది. ఆఫీసును ఎత్తిపొడవబోతే అది తను పెంచుతున్న అక్క కూతురికి తగిలింది. నొమలాంగాను పెంచింది కూడా తల్లి చెల్లెలే. ఆ సంగతి పదకొండో ఏట, బడిలో ఏదో ఫారం నింపుతుంటే తెలిసింది. ఆ రోజంతా ఏడ్చింది. ఇప్పుడు కిటికీ వెనక నుంచి లేచి వెళ్లి బోర్డు దించేసింది.

"అందరూ ఇటే," అంది.

మూడో శనివారానికి కొత్త బోర్డు వచ్చింది: "తలకు ఇరవై సెంట్లు. పిల్ల ఎవరిదని అడగరాదు." రెండో వాక్యం ఎందుకని మభేనా గొడవపడ్డాడు. అది తీసేస్తే మొదటిదీ తీసేయండి, కొలనూ మూసేయండి అని నొమలాంగా చెప్పి వచ్చింది.

మాన్యోని బోర్డు చదివి మనసులోనే లెక్క కట్టింది. తనతో కలిపి ఇరవై తలలు, నాలుగు డాలర్లు, మొదటి వారానికి సరిగ్గా రెట్టింపు. ఇది పట్టపగలు దోపిడీ అని వరుసలో అందరికీ వినబడేలా సణిగింది. సణుగుతూనే రుమాలు ముడి విప్పి, సినికివే తల మీద చెయ్యి వేసి, "ఒకటి" అని మొదలుపెట్టింది.