ఇత్తడి పట్టీ మీద మూడు చుక్కలు

ఎల్బీనగర్‌లో ఆటోలు బాగుచేసే జాన్సన్‌కి మూడు వారాలుగా తిండి సహించడం లేదు. చర్చి గోడ మీద పాతకాలం సిపాయిల పేర్లు చెక్కిస్తున్నారు. వాళ్ళ తాత యాకోబు పేరు ఎక్కాలంటే ఏదో ఒక రుజువు కావాలన్నారు పాస్టరుగారు. తాత పోయి ముప్పై ఏళ్ళు, కాగితాలు చెదలు తినేశాయి. మిగిలిందల్లా తుపాకీ మడమకు బిగించే ఇత్తడి పట్టీ ఒక్కటే. "గసొంటివి పాత ఇనుప సామాన్ల కిలోల లెక్క దొరుకుతయ్" అని కమిటీ మెంబరు జగన్ అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వే జాన్సన్‌ని నిద్రపోనివ్వలేదు.

పట్టీ జేబులో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి ఇంటికి పోయాడు. ఆయన ఆయుధాల ఫ్యాక్టరీలో రిటైరైన గుంటూరు మనిషి. తుపాకుల ముద్రల గురించి ఆయనకు తెలియనిది లేదని కాలనీలో పేరు. ఆ పేరు తెచ్చుకోవడానికి ఆయనే చాలా కష్టపడ్డాడు.

"కిరీటం ముద్ర మామూలేనండి, ఆ రోజుల్లో చాలా తుపాకుల మీద కొట్టేవారు," అన్నాడు భూతద్దంలోంచి. "పక్కన చూడండి. చుక్కలతో పొడిచిన శిలువ, దాని కింద మూడు చుక్కలు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇది నా కంటపడలేదండి."

వారం రోజులు పుస్తకాలు తిరగేసి, ఆరు పేజీల వ్యాసం రాసి తేల్చాడు. శిలువంటే క్షతగాత్రుల్ని మోసే దళమట, చుక్కలంటే మూడో పటాలమట. తాత గుండ్ల వానలో మనుషుల్ని భుజాన మోశాడని వినేసరికి జాన్సన్ కళ్ళు చెమర్చాయి.

ఆ వ్యాసం నానమ్మ సాయమ్మకు చదివి వినిపించాలని ఇద్దరూ ఎల్బీనగర్ వచ్చారు. తొంభై దాటిందని అంతవరకూ ఎవరూ ఏమీ అడగని ముసలమ్మ ఆరు పేజీలూ ఓపిగ్గా విని, పట్టీని చేత్తో తడిమింది.

"గిది నా గిన్నెల మాడు గీకేది గదరా. ఇన్నేండ్లు ఏడ దాచినవ్?"

"మరి గా శిలువ ఏంది నానమ్మా?"

"గిన్నెల దుకాణంల కొట్టిచ్చిన. అడుక్కపోయినోళ్ళు మల్ల తెచ్చియ్యరాయె. పేరు కొట్టిద్దామంటే నాకు సదువు రాదు, శిలువ కొట్టుమన్న. మా వాడకట్టంత కిరస్తానపోళ్ళే, అందరి గిన్నెల మీద గదే శిలువ. అందుకే కింద మూడు చుక్కలు పెట్టిచ్చిన. ముగ్గురు పిల్లలు గద నాకు."

భానుమూర్తి ఆరు పేజీలనూ నాలుగు మడతలు పెట్టి జేబులోకి తోసేశాడు.

"అయితే తాత మిలట్రీల ఉన్నడా, లేడా?" అడిగాడు జాన్సన్.

"ఎందుకు లేడు? ఆరేండ్లు వంట జేసిండు. ఇరిగిన తుపాకిది గీ ముక్క, గుండిగ మాడు గీకనీకి పీక్కున్నడు."

జాన్సన్‌కి తల కొట్టేసినట్టయింది. "గీ మాట ఎవ్వలకు చెప్పకు నానమ్మా," అని బతిమాలాడు.

సాయమ్మకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పొద్దు? తుపాకులు పట్టినోళ్ళందరు పొద్దుమీకితే పల్లాలు పట్టుకొని మీ తాత ముంగటనే లైను కట్టేటోళ్ళు."

జాన్సన్ పట్టీని తుడిచి నానమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి పాస్టరుగారికి కలిపాడు.

"అయ్యగారూ, రుజువు దొరికింది. ఆదివారం మా నానమ్మను తోల్కొస్త, ఆమెనే చెప్తది. తాత పేరు పక్కన సిపాయి అని రాయొద్దు, వంటమనిషి అని రాయించుండ్రి. అక్షరాలు మాత్రం అందరియి ఎంత ఉంటే గంతే ఉండాలె."