సూదిలో గాలి బుడగ

చేతులు రెండూ మోచేతుల దాకా కడుక్కుని, విదిలించి, ఆరేదాకా అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది నర్సమ్మ. ఆ తర్వాత అరచేతులు ఒకదానితో ఒకటి రుద్ది వెచ్చబెట్టుకుంది. చల్లటి చెయ్యి పొట్టకు తగిలితే ఆడపిల్లలు ఉలిక్కిపడతారు. వేళ్ల కణుపులు ఉబ్బాయి, చర్మం పలచబడి నరాలు తేలాయి గాని, ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఆ చేతులు వణకగా చూసినవాళ్లు లేరు. అందులో పదహారేళ్లు ఈ గదిలోనే గడిచాయి. మెట్ల కింద ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టే గది. కడుపు నిలవని ఆడవాళ్లు రోజూ పొట్టకు సూది వేయించుకోవడానికి ఇక్కడికి వస్తారు. అందుకే ఆస్పత్రిలో ఆమె పేరు మూలగది నర్సమ్మ.

ఇవాళ ఆమెకు ఆఖరి రోజు. నాలుగింటికి పైఅంతస్తులో కేకు కోయిస్తారట. నాకు షుగరు మహాప్రభో అని మొత్తుకున్నా విన్నవాళ్లు లేరు.

మూడింటికి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయి వచ్చింది. మూడు కడుపులు పోయాయి ఆమెకు. ఒక్కటీ తొమ్మిదో వారం దాటలేదు. నాలుగోదానికి నిన్నటితో తొమ్మిది నిండాయి. రోజంతా సూదితోనే బతికే పిల్ల ఈ సూదిని చూస్తే మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంటుంది. అది చూసి నర్సమ్మ ఏడిపిస్తే రోజూ నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

"స్కానింగ్ అయిందా?"

"లేదమ్మా. సూది వేసేయండి, వెళ్లిపోతాను."

"ఇవాళ తీయించుకోవాలి కదా?"

"వద్దమ్మా."

ఆ 'వద్దు' ఎలాంటిదో నర్సమ్మకు తెలుసు. ఆమె వాదించలేదు. మందు ముందే నింపి వచ్చే సూదిని ఒకటి తీసి అమ్మాయి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి నేనుండను. నీ సూది నువ్వే వేసుకోవాలి. కానియ్, నేను చూస్తాను."

అమ్మాయి మూత తీసి, సూదిని పైకెత్తి, గోటితో టకటకా కొట్టి, బొటనవేలు ఆన్చింది. నర్సమ్మ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నావ్?"

"గాలి తీస్తున్నానమ్మా. రెండు ఆదివారాలు మీకు సెలవు కదా, మా ఆయన వేశాడు. గాలి లోపలికి పోతే ప్రమాదమని తీసేశాడు. దాంతోపాటు మందు కూడా రెండు చుక్కలు పోయింది. ఒక్క చుక్క తగ్గినా కడుపు నిలవదని మా ఫ్యాక్టరీలో ఒకామె చెప్పింది." సూదికి మళ్లీ మూత పెట్టేసింది. "నేనే చంపుకున్నానేమో."

మిగతా సూదుల్లో గాలి తీయాల్సిందే. చర్మం కిందే వేసే ఈ సూదిలో మాత్రం గాలితో ప్రమాదం లేదు, బుడగను ముట్టుకోకూడదు. మందు వెనకాలే పోయి ఆఖరి చుక్కను లోపలికి నెట్టేది అదే. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పే మాట ఇది. ఈమె మొగుడికి తను చెప్పిందా? మొదటి ఆదివారానికి ముందు శనివారం అతను బస్సు పోతుందని గుమ్మంలోనే కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే, పొట్ట మీద చోటు చూపించి పంపేసింది. చెప్పలేదు.

"తప్పు మీ ఇద్దరిదీ కాదమ్మాయ్, నాది. చెప్పాల్సింది చెప్పలేదు. అయినా రెండు చుక్కలకే పోయే ప్రాణం కాదు. పద, చూద్దాం."

"పోయుంటే?"

"పోయుంటే దానికి కారణం ఆ చుక్కలు కావు. ఉంటే మనకి ఇంకా చాలా పనుంది. లే."

స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్నాక అమ్మాయి అడిగింది. "నా రక్తమే నా బిడ్డ మీద పగబట్టిందెందుకమ్మా?"

"పగ కాదే పిచ్చిదానా. రోగాలు రాకుండా ఒంట్లో ఒక కాపలా ఉంటుంది. నీ కాపలాకి తొందరెక్కువ. ఇంటివాళ్లనే దొంగలనుకుని రక్తం గడ్డకట్టిస్తుంది. బిడ్డకి పోయే దారి మూసుకుపోతుంది. ఈ సూదీ, రోజూ వేసుకునే ఆ చిన్న మాత్రా దారి తెరిచి ఉంచుతాయి."

"అందరికీ నిలుస్తుందా?"

"అందరికీ కాదు. చాలామందికి."

తర్వాత ఎందుకో, ఇన్నేళ్లలో ఏ రోగికీ చెప్పని మాట నోట వచ్చింది.

"నాకు నాలుగు పోయాయి. అప్పుడు మాకీ పరీక్షలెక్కడివి? ఒంట్లో వేడన్నారు, బరువులెత్తావన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేనూ నమ్మాను. ఆ మూలగదికొచ్చాకే అర్థమైంది, నేను చేసిందేం లేదని. అప్పటికి వయసు దాటిపోయింది."

అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుంది. నర్సమ్మకు ఏడుపు రాలేదు. నెత్తి మీది బిందె ఎవరో అందుకుని దించినట్టనిపించింది.

లోపల తెర మీద, బూడిదరంగు మసకలో, చిక్కుడుగింజంత ఆకారం. దాని నడుమ ఒక మినుకు. ఎంతసేపు చూసినా ఆగదు. "గుండె బాగా కొట్టుకుంటోంది" అంది స్కానింగ్ డాక్టరు, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా. అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మూలగదికి తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. పైనుంచి రెండుసార్లు ఫోను. "మీరే కోసేసుకోండి" అని పెట్టేసింది నర్సమ్మ. అమ్మాయి తన పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడతపట్టి, కళ్లు తెరిచే సూది గుచ్చింది. మెల్లగా నొక్కింది. మందు పోయింది, దాని వెనకాలే బుడగ పోయింది.

"అంతేనా?" అంది.

"అంతే. రుద్దకు, కమిలిపోతుంది."

అమ్మాయి వెళ్లిపోయాక నర్సమ్మ ఖాళీ మందు పెట్టె చింపి, అట్ట వెనక ఎర్ర పెన్నుతో ఏదో రాసింది. మంచం మీద పడుకున్నవాళ్లకు కనిపించే ఎత్తులో, కట్లకు వాడే తెల్ల ప్లాస్టరుతో గోడకు అంటించింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని, పైకి పోకుండా పక్కవాకిలి నుంచి వీధిలోకి నడిచింది.

మర్నాడు తొమ్మిదింటికి కొత్త నర్సు తలుపు తీసేసరికి అట్ట గోడ మీదే ఉంది. 'ఈ సూదిలో గాలి బుడగ తీయవద్దు. ఇంటి దగ్గర వేసేవాళ్లకూ ఈ మాట చెప్పండి.' కింద చోటు చాలక అక్షరాలు ఇరుకిరుగ్గా, అట్ట అంచు దాకా రాసిన ఇంకో వరస: 'ఏం జరిగినా తప్పు మీది కాదు.'