గుట్టెక్కిన మరులమాతంగి

నేను ఒక మరులమాతంగి కాయను. చింతగింజంత ఒళ్లు, దాని నిండా కొక్కేల్లాంటి ముళ్లు. చెరువు నీళ్లు వెనక్కి తగ్గి, శిఖంలో, అంటే బయటపడ్డ చెరువు నేలలో, బురద నెర్రెలు విచ్చే చోట మా కాపురం. మమ్మల్ని నాటినవాడు లేడు, నీళ్లు పోసినవాడు లేడు. తిట్టనివాడు కూడా లేడు.

ఆ తిట్లలో అన్యాయమేమీ లేదు. మా రెండాకుల లేత మొలక మేస్తే గొర్రెపిల్ల బతకదు. అందుకే గొర్రెలు కాసే ఐలవ్వ ఏటా శిఖమంతా తిరిగి మా మొలకలు పీకి కాల్చేది. ఆమె మందకు ఉన్నది ఒక్కటే పొట్టేలు. ఉన్ని కత్తిరించినప్పుడు దాని మెడమీద ఒక కుచ్చు కులదేవుడు బీరప్ప మొక్కుగా వదిలేసింది. పొట్టేలు మేతకొచ్చిన పూట నేను ఆ కుచ్చు పట్టుకుని ప్రయాణం కట్టాను.

మూడోనాడే మల్కయ్య దాన్ని ఎత్తుకుపోయాడు. అతని మంద గుట్టమీద ఉంటుంది. ఐలవ్వ వేసిన ఎర్ర జాజు గుర్తు పోవాలని ఒళ్లంతా గొరిగాడు. కత్తెర మెడదాకా వచ్చేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ అతనూ ఐలవ్వలాగే బీరప్పను కొలిచే కురుమే. బీరప్ప కుచ్చు కోయడానికి చెయ్యి రాలేదు. పొట్టేలును దొంగిలించేటప్పుడు లేని భయం గుప్పెడు ఉన్ని దగ్గర ఎందుకొచ్చిందో!

ఐలవ్వ వెతుక్కుంటూ వచ్చి పొట్టేలును పోల్చుకోవడంతో కులపెద్ద కొమురెల్లి ముందు పంచాయితీ పెట్టారు. గుర్తు చూపమంటే ఐలవ్వ కుచ్చు చూపించింది. ఆ మొక్కు తనదేనన్నాడు మల్కయ్య. పొట్టేలు దక్కకపోతే ఆమె మందకు ఈ ఏడు ఈతలు లేనట్టే. జనం మల్కయ్య మాటకే తలలూపుతుంటే నాకు ఒళ్లు మండింది. ఏం చేయను, నాకు నోరు లేదు.

ఈ పొట్టేలు చెరువు దిక్కు ఎప్పుడైనా వెళ్లిందా అని పెద్దాయన మల్కయ్యను అడిగాడు.

“ఎన్నడు పోలే. పుట్టిన కాడికెల్లి గుట్ట మీదనే మేసింది.”

కొమురెల్లి కుచ్చులోకి వేళ్లు పోనిచ్చాడు. నేను ఉన్న బలమంతా పెట్టి గుచ్చాను. ఆయన నన్ను పీకి అరచేతిలో పెట్టి చూశాడు.

“గుట్ట మీద మరులమాతంగి యాడ మొలిచింది మల్కయ్యా?”

మల్కయ్య పొట్టేలు తాడు వదిలేశాడు. అది ఐలవ్వ చేతికొచ్చింది.

ఆమె నన్ను కొంగున ముడేసి ఇంటికి తెచ్చింది. దేవుని గూట్లో పెడుతుందని మురిసిపోయాను. పొయ్యి ముందు కూర్చుని నన్ను కళ్లకద్దుకుంది.

“నా పొట్టేలును ఇప్పిచ్చినవు తల్లీ. నా గొర్రెపిల్లల జోలికి మాత్రం రాకు.”

నా కడుపులో రెండు విత్తనాలున్నాయని ఆమెకు తెలుసు. నన్ను పొయ్యిలో కట్టెల మధ్య పెట్టి లేచింది. నాకు భయంగానే ఉంది, కోపం మాత్రం రావడం లేదు. అగ్గిపెట్టె ఆమెకు దొరికేలోపు ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకున్నాను.