ఒక్కసారే అడిగింది

పుష్పకుమారి కొప్పుకి పిన్నులు గుచ్చుకుంటూనే తల్లి వైపు చూసింది. అప్పలమ్మ మూడు రోజులుగా నడుం వాల్చలేదు. పడుకుంటే ఆయాసం. మల్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో, గోడకి చేరగిలబడి, ఒళ్లో తలగడ పెట్టుకుని కూర్చుంది. కాళ్లు నీరు పట్టి నున్నగా మెరుస్తున్నాయి.

"అమ్మా, ఇవాళ పెద్దాసుపత్రికి వెళ్దామా? నీకిష్టమైతే లీవు పెడతాను. ప్లీజ్, చెప్పు."

"ఎందుకే? నాకేటయ్యింది? నువ్వు డూటీకెల్లు."

"ఓకే అమ్మా. నీ ఇష్టం," అని గొడుగు తీసుకుని బస్సుకి బయల్దేరింది.

అహంకారం అనుకునేరు. అయ్యో, ప్రేమ లేదనుకుంటే మహాపాపం. తండ్రి పోయాక ఆ ఇల్లు నిలబెట్టింది ఈ మనిషే. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, పెళ్లీ పెటాకులూ లేవు. పంతొమ్మిది వందల అరవై అయిదు నుంచీ, అంటే పద్నాలుగేళ్లుగా, వన్ టౌన్‌లో ఓడల ఏజెంట్ల ఆఫీసులో టెలిఫోను ఆపరేటరు. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా బోర్డు నిండా తీగలు, పొద్దస్తమానం ఇంగ్లీషు. చేరిన కొత్తలో సూపర్‌వైజరు ఒకటే నూరిపోసింది. ఎవరినైనా ఒక్కసారే మర్యాదగా అడగాలి, వద్దంటే థాంక్యూ చెప్పి తీగ లాగేయాలి, బతిమాలకూడదు.

ఆ అలవాటు మెల్లగా ఇంట్లోకీ వచ్చేసింది. ఆమె మాట్లాడేది తెలుగే. ఆ తెలుగులో కసురుకోవడం పోయింది, బలవంతపెట్టడం పోయింది. ఒకసారి అనకాపల్లి నుంచి మేనమామ సూరన్న వచ్చాడు. "భోంచేస్తావా మావయ్యా?" అని అడిగింది. "ఇప్పుడెందుకులేవే," అన్నాడాయన. ఎవరైనా మొదట అనే మాటే అది. ఈవిడ "సరే మావయ్యా" అని అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది! ఆయన కడుపు మాడ్చుకుని వెళ్లి ఊరంతా చెప్పుకున్నాడు. "ఓలమ్మ, ఒద్దంటే ఊరుకుంటారేటే? సెయ్యట్టుకుని కూకోబెట్టాల," అని అప్పలమ్మ నెత్తి కొట్టుకుంది. పుష్పకుమారికి తన తప్పేమిటో అంతుబట్టలేదు. వద్దన్న మనిషిని మళ్లీ అడిగితే ఆ మనిషి మాటకి విలువ ఇవ్వనట్టే అనిపించేది ఆమెకి.

పదకొండింటికి రేవులోకి రెండు ఓడలొచ్చాయి. ఇక బోర్డు ఊపిరి తీసుకోనివ్వలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పితే అన్నం సయించలేదు. తల్లి కాళ్లే కళ్లలో మెదిలాయి. లేచి మేనేజరు గురునాథరావు గదికి వెళ్లి, ఇంగ్లీషులో, ఒక పూట సెలవు అడిగింది. ఇవాళ కుదరదన్నాడాయన. "థాంక్యూ సార్" అని వెనక్కి తిరిగింది. ఇంకొకరైతే కళ్లనీళ్లు పెట్టుకునో, తగువేసుకునో వెళ్లిపోదురు. ఈ మహాతల్లి మళ్లీ హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంది.

ఆరున్నరకి బస్సు దిగి వచ్చేసరికి గుమ్మం ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పక్కింటి దేముడమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాలుగింటికి పోయిందే అమ్మా. ఊపిరాడక కొట్టుకుంతంటే రిచ్చా పిలుత్తానన్నాను. ఒద్దంది. మా పాప వచ్చేత్తాది, మళ్లీ అడుగుద్ది, అప్పుడెల్తాను అంది. పొద్దున్న నువ్వెల్లగానే నా సేత తల కూడా దువ్వించుకుంది."

"నేనడిగాను," అంది పుష్పకుమారి. "వద్దంది. నేనడిగానండీ."

"అడిగితే సాలదే! రెక్కట్టుకుని లాక్కెల్లాల," దేముడమ్మ ఏడుస్తూనే కసిరింది.

పుష్పకుమారి లోపలికి వెళ్లింది. అప్పలమ్మని చాప మీద పడుకోబెట్టారు. మూడు రోజుల తర్వాత ఇప్పుడే ఆ నడుం వాలింది. పక్కన కూలబడి, చల్లబడిన చెయ్యి పట్టుకుని లాగింది.

"లెగే అమ్మా. ఆస్పత్రికెల్దాం, లెగు. నీ మాట నాను ఇనను. లెగంతే."

ఎంత లాగినా వదలకుండా అదే మాట అంటూ ఉంటే, ఆడవాళ్లొచ్చి ఆమె వేళ్లు విడదీశారు. ఆమెని తలుపు దగ్గరికి నడిపించి కూర్చోబెట్టారు.

తలుపు వెనక మేకుకి గుడ్డసంచీ వేలాడుతోంది. ఆదివారం గుడికి కట్టే తెల్లచీర, కంచం, గ్లాసు, నిరుటి ఆసుపత్రి చీటీ, అన్నీ అందులో సర్దే ఉన్నాయి.