నీళ్లు బాగా తాగమ్మా

మధ్యాహ్నం రెండయ్యేసరికి అరుణజ్యోతి ముప్పై నాలుగో కడుపు మీద జెల్ రాసింది. పొద్దుటి నుంచి స్కానింగ్ చేస్తున్న కుడిచేయి భుజం దాకా సలుపుతోంది. గదిలో ఏసీ ఉన్న మాట నిజమే గాని, అది మిషన్ కోసం. మిషన్‌కు వేడి పడదట. మనిషికి పడుతుందా అని ఆ ఆస్పత్రిలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నెలకు పదిహేడు వేలకు ఆమె చేసే పని నిజానికి ఆమె చేయకూడని పని. కడుపుతో ఉన్నవాళ్లకు స్కానింగ్ డాక్టరే చేయాలని రూలు. ఆస్పత్రి యజమానురాలు డాక్టర్ పద్మప్రియ పొద్దున్నే వచ్చి, ఖాళీ ఫారాల కట్ట మీద సంతకాలు గిలికి, మేడ మీది తన గదిలోకి వెళ్లిపోతుంది. ఆ తరువాత చూసేది, కొలిచేది, రాసేది అంతా అరుణజ్యోతే.

మంచం మీద పడుకున్న పిల్ల పేరు హరిత. ఇరవై రెండేళ్లది. బెళుగుప్ప దగ్గర పల్లె. ఐదో నెల, రెండో కాన్పు. మొదటిది ఆడపిల్ల. అరుణజ్యోతి తెర మీద బిడ్డ గుండె చూసింది, తల కొలిచింది. ఉమ్మనీరు మాత్రం కొంచెం తక్కువగా ఉంది. భయపడేంత కాదు, కాని పట్టించుకోవలసినంత.

"పొద్దున్నుంచి ఏం తాగినావు పాపా?"

"టీ తాగినానక్కా. మా ఊరికి ట్యాంకరు రెండు దినాలకొకసారి వస్తాది."

ఎండిపోయిన ఆ పెదాలు చూస్తే అరుణజ్యోతికి జాలేసింది. "నీళ్లు బాగా తాగమ్మా. రెండు వారాల తర్వాత మళ్లీ రా," అంది, తలుపు దగ్గర నిలబడ్డ అత్త రామాంజినమ్మకు కూడా వినబడేలా. అనేశాక నాలుక కరుచుకుంది.

ఆ గదిలో ఆ మాటకు వేరే అర్థం ఉంది. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం నేరమని గోడ మీద నిలువెత్తు బోర్డు ఉంది. కింద కౌంటర్లో రసీదు లేకుండా పన్నెండు వేలు కట్టినవాళ్లకు ఆ బోర్డు అడ్డం రాదు. వాళ్లతో అరుణజ్యోతి "బాగా నడువమ్మా" అంటే మగబిడ్డ. "నీళ్లు బాగా తాగమ్మా" అంటే ఆడబిడ్డ. ఏ అధికారి వచ్చి తవ్వినా దొరికేది ఒక మంచి ఆరోగ్య సలహా. తెలివి డాక్టరమ్మది, నోరు అరుణజ్యోతిది. మూడేళ్లుగా తాను సలహా మాత్రమే ఇస్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. సిగ్గుచేటైన ఓదార్పే గాని, దాంతో అన్నం దిగేది.

వీళ్లు డబ్బు కట్టలేదు కదా, వీళ్లకెలా తెలుస్తుందిలే అనుకుని ఊపిరి పీల్చుకుంది. తరువాత ఇద్దరిని చూసి, టీ కోసం బయటికొచ్చింది. మెట్ల దగ్గర రామాంజినమ్మ ఒక్కతే కాచుకుని ఉంది. చీర కొంగులోంచి వేయించిన శనక్కాయల పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నీ మేలు మర్చిపోనమ్మా. పన్నెండు వేలంట గదా! మాతాన యాడుండాయి? నువ్వు ఊరికే చెప్పినావు."

అరుణజ్యోతి పొట్లం మీంచి తలెత్తింది. "నేనేం చెప్పినా?"

"నీళ్లు తాగమంటివి గదా. మా పక్కింటామెకూ అదే మాట చెప్పినావంట. రేపు తెల్లారి పోతాం. సరిహద్దు దాటితే కడుపు తీసేవాళ్లుండారంట. సూది వేయించేకని పిల్చకపోతా, ఆయమ్మికి చెప్పలేదు ఇంగా."

"అయ్యో, అట్ల కాదమ్మా! లోపల నిజంగానే నీళ్లు తక్కువుండాయి."

"నువ్వట్లే చెప్పల్లలే, నీ ఉద్యోగం." రామాంజినమ్మ కన్ను గీటింది. మళ్లీ అనుమానం వచ్చి గొంతు తగ్గించింది. "కాదంటే, మగబిడ్డని చెప్పు. ఇంటికి పోయి దీపం పెట్టుకుంటాం."

ఒక్క మాట. అబద్ధమో నిజమో, ఆ మాట అంటే బిడ్డ బతుకుతుంది. కాని తీరా ఆడపిల్ల పుడితే ఆ తల్లీబిడ్డలను ఎవరు కాపాడతారు? రేపు ఇంకో అత్త వచ్చి ఇదే మెట్ల మీద నిలబడితే ఏం చెప్పాలి? అరుణజ్యోతి గబగబా మేడెక్కింది.

పద్మప్రియ పెరుగన్నం తింటోంది. అంతా విని చెంచా కింద పెట్టింది. "వాళ్లు మనకు కట్టలేదు కదా అరుణా. మన కేసు కాదు."

"మీరొక్కసారి వచ్చి చెప్పండి మేడం. డాక్టరు చెప్తే నమ్ముతారు."

"ఏమని చెప్పాలి? మా ఆస్పత్రిలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది, మీకు చెప్పింది మాత్రం మామూలు మాటే అనా?" ఆమె నవ్వింది. "పోయి తరువాతి పేషెంట్‌ను పిలువు."

అరుణజ్యోతి కిందికొచ్చింది. హాలు కిక్కిరిసి ఉంది. రామాంజినమ్మ కోడలి చేయి పట్టుకుని అప్పటికే వాకిలి దాటబోతోంది.

"ఆగమ్మా!" ఆ కేక ఆమెకే కొత్తగా వినిపించింది. "అందరూ వినండి. ఈ ఆస్పత్రిలో 'నీళ్లు బాగా తాగమ్మా' అంటే ఆడబిడ్డ అని గుర్తు. మూడేండ్ల నుంచి నేనే చెప్తాండా. ఇంగ చెప్పను. ఈ హరితకు చెప్పింది మాత్రం ఉత్త నీళ్ల మాటే. లోపలుండేది ఎవరో నేను చూడనే లేదు. రేపు దీన్ని సూదికి కాదు, కడుపు తీయించేకి పిల్చకపోతాండారు."

హరిత అత్త ముఖంలోకి చూసింది. రామాంజినమ్మ తల తిప్పుకుంది. హరిత తన చేయి విడిపించుకుని కడుపు మీద పెట్టుకుంది.

"నేను యాడికీ రాను అత్తా," అంది.

మేడ మీద తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు వేగంగా మెట్లు దిగుతోంది. అప్పుడే గోడవారగా, రక్తపరీక్ష చీటీ పట్టుకుని కూర్చున్న ఒకామె లేచింది. పేరు పుష్పావతి. ఆమె అరుణజ్యోతికి గుర్తు లేదు. రోజుకు నలభై కడుపులు చూసే మనిషికి ముఖాలేం గుర్తుంటాయి!

"అక్కా, పోయినేడు నాకూ అదే మాట చెప్పినావు," అంది పుష్పావతి. ఆమె గొంతులో కోపం లేదు, అర్థం చేసుకోవాలన్న ఆత్రం ఒక్కటే ఉంది. "నువ్వు చెప్పినావని దినామూ చెంబులు చెంబులు తాగితి. నాలుగో దినం మా ఆయన, బిడ్డ గుండె ఆగిపోయిందంట, తీసెయ్యల్లంట అని ఇంగోతావికి పిల్చకపోయినాడు. నేను నీళ్లు సరిగ్గా తాగలేదేమో, నావల్లే పోయిందేమో అనుకుంటాండా ఇన్నాళ్లూ."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వు చూసినపొద్దు నా బిడ్డ గుండె కొట్టుకుంటాండెనా?"

వెనక నుంచి పద్మప్రియ "అరుణా, లోపలికి రా!" అని అరిచింది. అరుణజ్యోతి కదల్లేదు. గుండె ఆగిన బిడ్డ గురించి తానెప్పుడూ ఆ మాట చెప్పదు. అదొక్కటే ఆమెకు ఖాయంగా తెలుసు.

"కొట్టుకుంటాండె," అంది.