వేలి కొన మీద తెల్ల చుక్క

గోడలకు రంగు వేసే పనిలో ఆ అక్కాతమ్ముళ్లు ఎప్పుడూ జంటే. రంగు కలిపి, వడకట్టి, దాన్ని గట్టి ఒత్తిడితో గొట్టంలోకి తోసే పంపు చూసుకునేది అక్క. నిచ్చెనెక్కి గన్‌తో రంగు చిమ్మేది తమ్ముడు. పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రయినా అక్క నోట వాడింకా "ఒరేయ్" దగ్గరే ఉన్నాడు.

ఆ రోజు ఓ ఇంటి వెనక గోడ సగమయ్యేసరికి గన్ మూతి దగ్గరి నాజిల్ మూసుకుపోయింది. ఆరితే అతుకు మచ్చ పడుతుంది, ఆలోగా అంచు కలపాలని తమ్ముడి తొందర. ముందు పంపు ఆపించి గొట్టంలో ఒత్తిడి వదిలించాలని వాడికి తెలియక కాదు. అయినా ఎడమ చూపుడువేలితో నాజిల్ కొన తుడవబోయాడు. కుడిచేతి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది, అది నొక్కుకుపోయింది.

"అబ్బ" అని కిందికి దిగాడు.

అక్క పంపు ఆపేసి వేలు పట్టుకు చూసింది. కొన మీద సూదిమొనంత తెల్ల చుక్క. నెత్తురు కూడా లేదు.

"ఏం లేదక్కా, చీమ కుట్టినట్టుంది."

ఆమెకు పంపు అద్దెకిచ్చే ముసలాయన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతికి రెండు వేళ్లు లేవు. 'గన్ రంగు తగిలిన చిన్న గాయమే కదా అని ఇంట్లో పడుకున్నానమ్మా' అన్నాడొకసారి.

"వ్యాన్ ఎక్కు. ఆస్పత్రికి."

"ఈపాటిదానికి వెళ్తే నవ్వుతారే. అంచు కలిపేసి..."

"గోడ మచ్చలు పడితే పడనీరా. చెయ్యంటూ ఉంటే గోడలకేం కొదవ?"

దారిలో వాడు కాసేపు వేళాకోళాలాడాడు. తర్వాత మాట తగ్గింది. చుక్క చుట్టూ చర్మం పాలిపోయి, వేలు ఉబ్బి బిగుసుకుంది.

"అక్కా, వేలుందో లేదో తెలియట్లేదు."

ఆమె అటు చూడలేదు. చూస్తే స్టీరింగ్ పట్టు తప్పుతుందని భయం.

"ఏం కాదులే. మాట్లాడుతూ ఉండు" అంది.

ఆస్పత్రిలో నర్సు వేలు చూసి, "గుచ్చుకుందా? కూర్చోండి, పిలుస్తాం" అంది.

"గుచ్చుకోలేదమ్మా. మిషను రంగుని వేల్లోకి కొట్టింది."

నర్సు చటుక్కున లేచి సర్జన్‌ను పిలుచుకొచ్చింది. ఆయన అరచెయ్యి నొక్కగానే తమ్ముడు పళ్లు బిగబట్టాడు.

"రంగు అరచేతిదాకా పాకింది. ఇప్పుడే కోసి కడగాలి. వేలు నిలుస్తుందో లేదో లోపల చూస్తేగానీ చెప్పలేను."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. మరదలు ఫోన్ చేస్తోంది. ఏమని చెప్పాలి? రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి ఎత్తింది. "ఆస్పత్రిలో ఉన్నాం, రా" అని పెట్టేసింది. మరదలొచ్చాక ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, తలుపు కదిలినప్పుడల్లా ఉలిక్కిపడుతూ కూర్చున్నారు.

చివరికి సర్జన్ వచ్చాడు. "వేలు నిలిచింది. ఇంకోసారి కడగాలి. మునుపటిలా వంగకపోవచ్చు."

మరదలు ఏడ్చింది. అక్కకు ఏడుపు రాలేదు, మళ్లీ కడిగేదెప్పుడని అడిగింది.

నెలలు గడిచినా వేలు వంగలేదు. నిచ్చెన పట్టు దొరక్క తమ్ముడు పంపు దగ్గరికి మారాడు, గన్ అక్క చేతికొచ్చింది. మొదటిసారి నాజిల్ మూసుకుపోయినప్పుడు ఆమె గన్‌కి లాక్ వేసి, దిగొచ్చి, దాన్ని నేల మీద పెట్టి దూరంగా నిలబడింది.

"పంపు ఆపావా?"

"ఆపాను."

"ఒత్తిడి?"

"వదిలేశాను. రా, చూడు."

ఆమె కదల్లేదు. తమ్ముడే వచ్చి కూర్చుని, ఆ బిగిసిన వేలు పక్కకి పెట్టుకుని, మెల్లగా నాజిల్ విప్పాడు. విప్పినంతసేపూ ఆమె కళ్లు వాడి వేళ్ల మీదే ఉన్నాయి.